పై రెక్క దగ్గరే అసలు తంటా

అమ్మాయి: నమస్కారం. ఈ రోజు మన అతిథి మా బాబాయ్. నా ముందు మూత లేని చెప్పుల పెట్టె ఉంది, అందులో ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసిన 8 చిన్న విమానాల నమూనాలు. అన్నీ మొదటి ప్రపంచ యుద్ధం నాటివే. బాబాయ్, వీటిని అద్దాల బీరువాలో పెట్టరెందుకు?

బాబాయ్: బీరువా కోసం చేసినవి కావమ్మా. ఆదివారం నలుగురం బల్ల చుట్టూ చేరి వీటితో ఆడుకుంటాం. ఆట వేడిలో రెక్క పట్టుకుని ఎత్తేస్తారు. అందుకే అందం కంటే గట్టిదనం చూస్తాను. ఖర్చు తగ్గేదీ అక్కడే.

అమ్మాయి: ఎలాగ?

బాబాయ్: మూడడుగుల దూరం నుంచి చూసేదానికి లోపలి మీటర్లు ఎవరికి కావాలి? విడిగా అమ్మే లోహపు ముక్కలు నేను కొననే కొనను. పాత అచ్చులతో వచ్చే చవక కిట్, అంటే అతికించుకునే ప్లాస్టిక్ ముక్కల పెట్టె చాలు. సైజు కూడా చూసుకోవాలి. ఎస్.ఇ.5ఎ అనే బ్రిటిష్ యుద్ధవిమానం ఉంది, ఒకదాని పైన ఒకటిగా రెండు రెక్కలు. నిజానికి ఆ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 8 మీటర్ల పైచిలుకు. 1/72 కొలతలో, అంటే అసలులో 72వ వంతుగా చేస్తే, 11 సెంటీమీటర్లు, 1/144లో ఐదున్నర. బల్ల చిన్నదైతే ఐదున్నరే మేలు. కళ్లజోడు వచ్చాక నేను మాత్రం పెద్దదానికి మారాను.

అమ్మాయి: అందరూ ఎర్రటి మూడు రెక్కల జర్మన్ విమానం ఫాకర్ చేస్తారు. మీకు ఎస్.ఇ.5ఎ మీద ఎందుకంత ప్రేమ?

బాబాయ్: ఇంద్రలాల్ రాయ్ కోసం. కలకత్తాలో పుట్టి, బ్రిటన్ వైమానిక దళం 40వ స్క్వాడ్రన్‌లో దాన్ని నడిపాడు. 1918 జూలైలో 13 రోజుల్లో శత్రు విమానాల మీద 10 విజయాలు. అదే నెల 22న నేలకూలాడు. అప్పటికి 19 ఏళ్లవాడు. మా ఆటలో ఆ విమానం నాదే, ఇంకెవరికీ ఇవ్వను.

అమ్మాయి: చేయడంలో కష్టం ఎక్కడ?

బాబాయ్: పై రెక్క. నా మొదటి విమానం ఒక కోడు పొట్టిదైన మంచంలా ఉండేది. ఇప్పుడు కింది రెక్క మీద అగ్గిపెట్టె పెట్టి, కావలసిన ఎత్తు వచ్చేదాకా అట్టముక్కలు పేరుస్తాను. వాటి మీద పై రెక్కను పడుకోబెట్టి, రెండు రెక్కలనూ కలిపే ఒక్కో గుంజకూ ఒక చుక్క జిగురు. ఇక తెల్లారేదాకా ముట్టుకోను.

అమ్మాయి: రంగు ఆ తర్వాతా?

బాబాయ్: అయ్యో, ముందే! తర్వాత కుంచె దూరదు. పైన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, అడుగున మీగడ రంగు. కానీ గుంజ కూర్చునే గుంటలో మాత్రం రంగు గీకేయాలి. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. మధ్యలో రంగు అడ్డుపడితే పట్టు ఉండదు.

అమ్మాయి: రెక్కల మధ్య ఈ సన్నటి తీగలు కొన్నవేనా?

బాబాయ్: లేదు. కిట్‌లో ముక్కలు విరిచాక మిగిలే చట్రం పుల్లే. కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ వేడి చేసి, మెత్తబడగానే పక్కకు తీసి లాగాలి. తీగపాకం సాగినట్టు సాగుతుంది. మెల్లగా లాగితే లావు, గబుక్కున లాగితే వెంట్రుక. అసలు విమానంలో తీగలు బోలెడు. నేను ముఖ్యమైనవి నాలుగైదు వేసి ఆపేస్తాను. అన్నీ వేస్తే ఒక్క ఆటకే సగం తెగుతాయి.

అమ్మాయి: ఇంత తేలికైన విమానం పారదర్శకమైన పుల్ల మీద పడిపోకుండా ఎలా నిలుస్తోంది?

బాబాయ్: పీట కింద రూపాయి బిళ్లలు అంటించాను. పుల్ల కొసన చిన్న అయస్కాంతం, విమానం పొట్టలో ఇంకొకటి. మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకు వంచవచ్చు. ఎవరి మోచేయి తగిలినా ఊడి పడుతుంది తప్ప విరగదు.

అమ్మాయి: పై రెక్క మీద ఈ తుపాకీ మాత్రం వంకరగా ఉంది.

బాబాయ్: అది లూయిస్ గన్, ఒక మెషిన్ గన్. అసలు దాన్ని పైలట్ పట్టా మీద కిందికి లాక్కుని గుండ్ల డ్రమ్ము మార్చుకునేవాడు. కిట్‌లో వచ్చినది మూడో ఆటలోనే పోయింది. బల్ల కింద గంట వెతికాం.

అమ్మాయి: మరి ఇది?

బాబాయ్: మీ పిన్ని గుండుసూది. తల కత్తిరించి నల్లరంగు వేశాను. ఆవిడకు ఇంకా తెలియదు.