గంప కింది కోడి

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క ఇంగ్లీషు మాట గురించే మాట్లాడతాను: 'కూప్డ్ అప్'.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. తొలి విడత 21 రోజులు. తలుపుకి తాళం లేదు, గుమ్మం దగ్గర కాపలా లేదు. అయినా రెండు గదుల ఇంట్లో అయిదుగురం ఒకరినొకరు రాసుకుంటూ తిరిగితే ఊపిరాడేది కాదు. దాన్నే ఇంగ్లీషువాళ్లు 'వియ్ వర్ కూప్డ్ అప్ ఎట్ హోమ్' అంటారు. మన పిల్లలు నిఘంటువు చూసి 'బంధించబడ్డాం' అని రాస్తున్నారు. నాకది బాధగా ఉంటుంది, అసలు రుచే పోతుంది కనుక.

కూప్ అంటే కోళ్ల గూడు. మధ్యయుగపు ఇంగ్లీషులో ఆ మాటకు బుట్ట అని అర్థం. మా అమ్మమ్మ పొద్దు గూకగానే కోళ్లను గంప కింద మూసేది. వాటికి దెబ్బ లేదు, ఆకలి లేదు. రెక్క విప్పుకునే చోటే లేదు. ఈ మాటకు ప్రాణం ఆ ఇరుకే. ముసురు పట్టి రోజంతా ఇంట్లోనే ఉన్న పిల్లలకు, గంటల తరబడి విమానంలో కూర్చున్నవాళ్లకు ఇది సరిగ్గా అతుకుతుంది. పోలీసులు దొంగను లోపల వేస్తే మాత్రం 'లాక్డ్ హిమ్ అప్' అనాలి.

ఇందులో 'అప్' అంటే పైకి అని కాదు. మనం 'మూయి'ని 'మూసేయి', 'తిను'ని 'తినేయి' చేస్తామే, దాదాపు అదే పని. పని పూర్తిగా జరిగిందని చెబుతుంది. 'ఈట్ అప్'లోనూ ఇదే.

ఇంకో సంగతి నాకెంతో ఇష్టం. ఈ కూప్‌కు మూలం లాటిన్ 'కూపా', అంటే పీపా. దానికీ సంస్కృత 'కూప' శబ్దానికీ చుట్టరికం ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన కూపస్థ మండూకంలో ఉన్న కూపమే అది! అయితే నూతిలో కప్పకు తన చోటు ఇరుకని తెలియదు. గంప కింది కోడికి తెలుసు, అందుకే కొట్టుకుంటుంది. 'కూప్డ్ అప్' అన్నవాడికీ తెలుసు.

పలికేటప్పుడు రెండు మాటలూ కలిసి 'కూప్టప్' అని వినిపిస్తాయి. దీన్ని 'కోప్'తో కలపకండి. కోప్ అంటే కష్టాన్ని నెట్టుకురావడం, దానికి 'అప్' అక్కర్లేదు. 'కోప్ అప్ విత్' అని మనవాళ్లు తరచూ అంటారు, 'కోప్ విత్' చాలు.

ఇప్పుడు ముందు వరుసలోంచి ఒకరు లేచి, కూప్డ్ అప్‌తో మీ ఇంటి సంగతి ఒక వాక్యంలో చెప్పండి.