శాటిలైట్ మీ బండిని చూడట్లేదు!

చూడట్లేదండీ! మీ బండి ఎక్కడుందో ఆ జీపీఎస్ శాటిలైట్‌కి తెలియదు. మళ్ళీ చెప్తున్నా, తెలియనే తెలియదు! ట్రాకర్ పెడితే పైనుంచి మనల్ని కనిపెడతారని కొందరు, పెట్టాం కాబట్టి దొంగ భయం లేదని ఇంకొందరు, ఒకటే గొడవ కదా? ఇద్దరిదీ తప్పే!

20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అది చేసేది ఒక్కటే. ‘నేనిక్కడున్నా, ఇప్పుడు టైమ్ ఇంత’ అని చాటింపు వేస్తుంది. వినేది మీ బండిలోని ట్రాకర్ డబ్బా. కనీసం నాలుగు శాటిలైట్ల చాటింపు విని, ఏది ఎంతసేపటికి చేరిందో లెక్కేసి, తానెక్కడుందో తనే తేల్చుకుంటుంది. ఆ టైమ్‌లో సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చిందా, దూరం 300 మీటర్లు తప్పుతుంది! అందుకే అణు గడియారాలు పెట్టారు పైన. 1983లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ వాళ్ళు కూల్చేసి 269 ప్రాణాలు పోయాక, ఈ జీపీఎస్‌ని అందరికీ ఇస్తామని అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సరే, మీ ఫోన్‌కి కబురు పంపేదెవరు? సిమ్! నడిసముద్రంలో కంటైనర్లకి పెట్టే రకాలు వేరు, అవి వేరే శాటిలైట్ల ద్వారా పంపుతాయి. మన బండ్లలో ఎక్కువగా ఉండేది మామూలు మొబైల్ సిమ్మే. రీఛార్జ్ అయిపోయిందా, బండి ఎక్కడుందో డబ్బాకి తెలుసు, మీకు తెలియదు!

నన్నడిగితే బండి దొరకడమనేది ఆకాశంలో కాదు, బిగించేవాడి చేతిలో ఉంది. ఈ మధ్య ఒక కారుకి బిగిస్తుంటే పక్కనే నిలబడి చూశా. ఎర్ర వైరు బ్యాటరీకి, నల్లది బాడీకి, మూడోది ఇగ్నిషన్‌కి. అంతా శుభ్రంగా చేసి, డబ్బాని స్టీరింగ్ కింద వేలాడదీశాడు! దొంగ చెయ్యి పెట్టగానే తగిలేది అదే కదయ్యా! వైరు పీకితే లోపలి చిన్న బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. అదీ లేని రకమైతే అక్కడికక్కడే మూగబోతుంది. పోనీ లోపలికి తొయ్యమంటే ఇనుప రేకు కిందకి తోశాడు! రేకు కింద చాటింపు ఎలా వినపడుతుంది? ప్లాస్టిక్ వెనకాల, ముఖం ఆకాశం వైపు ఉండాలి.

బ్యాగులో వేసుకునే ఆపిల్ వాళ్ళ చిన్న బిళ్ళ, ఎయిర్‌ట్యాగ్ సంగతి చెప్పనా? దాన్లో జీపీఎస్సే లేదు! పక్కనుంచి పోయేవాళ్ళ ఐఫోన్లు బ్లూటూత్‌తో దాన్ని పసిగట్టి కబురు చేరవేస్తాయి. చుట్టూ మనిషి లేని చోట పడిందా, ఇక కబురే రాదు.

వీడియో ఇక్కడే ఆపండి. మీ ట్రాకర్ సిమ్ వ్యాలిడిటీ ఎప్పటిదాకా ఉందో చూసి రండి. నేనిక్కడే ఉంటా.