విద్యుత్ బండా, పెట్రోల్ బండా? 14 రోజులు రాళ్ళలో తిప్పిన తర్వాత నా తీర్పు

నమస్కారం. అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక మాట. నా వెనుక బురద కొట్టుకుని నిలబడి ఉందే, రోడ్డు లేని చోట తిరిగే ఈ నాలుగు చక్రాల విద్యుత్ బండిని కంపెనీ వారు 14 రోజులు నడుపుకోమని ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగనూ లేదు. అయినా ఊరికే వచ్చిన బండి మీద ఎవరికైనా మనసు కొంత మెత్తబడుతుంది. ఆ మెత్తదనం ఎక్కడైనా మీ చెవిన పడితే, ఆ మేరకు నా మాటను తగ్గించి వినండి. పక్కనున్న పెట్రోల్ బండి నాది. సొంత డబ్బు పెట్టి కొన్నాను, ఏడేళ్ళుగా తిట్టుకుంటూ నడుపుతున్నాను.

బండి పేరు తెర మీద ఉంది. దాని హార్స్‌పవర్ ఎంత, టైరు సైజు ఎంత, సీటు కింద ఎన్ని లీటర్ల చోటు ఉంది, ఇవన్నీ మీరు ఇప్పటికే నాలుగైదు చోట్ల చూసి ఉంటారు. ఆ పట్టిక నేను మళ్ళీ చదవను. నాకు కావలసింది ఒక్కటే: రోడ్డు అయిపోయిన చోట ఈ రెండింటిలో దేనితో ఉండాలి?

మొదటి రోజే దీన్ని రాళ్ళ వాలు దగ్గరకు తీసుకుపోయాను. పాత వీడియోల్లో మీరు ఆ వాలును చూశారు. నా పెట్రోల్ బండి అక్కడ మూడుసార్లు నా పరువు తీసింది. ఆ వాలులో మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. ముందు చక్రాన్ని దానికి ఆనించి, బండిని మెల్లగా పైకి లేపాలి. ఇక్కడే పెట్రోల్ ఇంజనుతో పేచీ. నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇంజనులో పెద్దగా బలం ఉండదు. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెమే నొక్కితే బండి రాయి ముందు మొరాయిస్తుంది. ఇంకొంచెం నొక్కితే ఇంజను ఒక్కసారిగా ఊపందుకుని, చక్రం రాయి మీదికి ఎక్కడం మానేసి గంతు వేస్తుంది. ఆ గంతులో బండి అడుగు భాగం రాయికి కొట్టుకుని చేసే చప్పుడు వింటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. గేరు నిష్పత్తిని బాగా పెంచుతారు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో నెమ్మదిగా పోవడానికి వేసే గేరు (లో రేంజి) నిష్పత్తి 4:1. అంటే వేగం నాలుగో వంతుకు తగ్గి, చక్రానికి చేరే బలం నాలుగు రెట్లవుతుంది. రాళ్ళ మీద ఆ బండికి అంత పేరు రావడానికి ఇదొక ముఖ్య కారణం. అయినా ఇంజను ఆగిపోకుండా తిరుగుతూనే ఉండాలి కాబట్టి, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జారాల్సిందే. క్లచ్ ఉన్న బండిలో క్లచ్ జారుతుంది. నా బండి లాంటి వాటిలో బెల్టు జారుతుంది.

బెల్టు గురించి చెప్పకుండా ముందుకు పోలేను, క్షమించండి. ఇలాంటి పెట్రోల్ బండ్లలో చాలావాటికి ఇంజను నుంచి గేరు పెట్టెకు శక్తిని చేరవేసేది ఒక రబ్బరు బెల్టు. శంకువు ఆకారంలో ఉండే రెండు పుల్లీల మధ్య అది తిరుగుతుంది. పుల్లీలు దగ్గరకు, దూరానికి జరుగుతూ ఉంటే గేరు దానంతట అదే మారుతూ ఉంటుంది. చదును నేల మీద హాయిగా ఉంటుంది. నిటారు వాలులో, తక్కువ వేగంలో, బరువుతో మాత్రం ఆ బెల్టు జారి వేడెక్కుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మరిచిపోరు. నాలుగేళ్ళ కిందట ఒక వాగు దాటి గట్టు ఎక్కుతుండగా నా బెల్టు తెగింది. సీటు కింద కొత్త బెల్టు ఉంది. దాన్ని వేయడానికి కావలసిన పనిముట్టు ఇంట్లో గోడకు వేలాడుతోంది. మా తమ్ముడు తన బండి వెనక్కి తిప్పి నన్ను తాడుతో లాక్కుపోయాడు. దారి పొడవునా ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు అదే రాయి, ఈ విద్యుత్ బండి. చక్రాన్ని రాయికి ఆనించాను. కాలు గోరంత కదిపాను. బండి గోరంత కదిలింది. ఆపాను, ఆగింది. ఇంకో గోరంత. మోటారు నిలబడి ఉన్నప్పుడే దాని పూర్తి బలం చేతికి అందుతుంది. అది ఊపందుకునే దాకా ఎదురుచూడనక్కర లేదు. జారడానికి బెల్టు లేదు, ఆగిపోవడానికి ఇంజను లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నాకు టైరు వినబడింది! రాయి మీద రబ్బరు పట్టు తప్పేముందు చిన్నగా కీచుమంటుంది. ఏడేళ్ళలో ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు, ఎందుకంటే నా ఇంజను ఎప్పుడూ దాని మీద అరుస్తూనే ఉంది. పట్టు తప్పబోతోందని చెవికి తెలిస్తే కాలు ముందే సర్దుకుంటుంది. ఆ సాయంత్రం ఆ వాలు పదకొండుసార్లు ఎక్కాను. పని లేదు, ఊరికే ఎక్కాను. పదకొండోసారి మా తమ్ముడు, "అన్నయ్యా, ఇక దిగు, చీకటి పడింది" అన్నాడు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వాలు మధ్యలో ఆగితే బండిని బ్రేకుతో నిలబెట్టండి. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి పెట్టి నిలబెట్టకండి. తిరగని మోటారులోకి కరెంటు పోతూనే ఉంటే అదంతా వేడిగా మారుతుంది. కాసేపటికి బండి తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేస్తుంది. అది నిటారు వాలులో జరిగితే మీరు వెనక్కి చూస్తూ దిగాలి.

దిగడం అన్నాను కాబట్టి రెండో కథ. మూడో రోజు మేము కొండ మీద బస చేశాం. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, ఉదయం నిండు బ్యాటరీ చూసుకుని మురిసిపోతూ దిగడం మొదలుపెట్టాను. కాలు తీస్తే బండి దానంతట అదే నెమ్మదించాలి. మోటారు జనరేటరుగా మారి చక్రాల ఊపును తిరిగి బ్యాటరీలోకి పంపాలి. పంపలేదు. బండి జారుతూ పోయింది. గుండె ఝల్లుమని, బ్రేకు మీద నిలబడ్డాను. తర్వాత ఆలోచిస్తే సంగతి అర్థమైంది: నిండిన కుండలో నీళ్ళు ఎక్కడ పోస్తారు? బ్యాటరీలో చోటు లేకపోతే, ఆ శక్తిని ఖర్చు చేసే ఏర్పాటు వేరే ఏదీ బండిలో లేకపోతే, ఆ నెమ్మదింపు బాగా తగ్గిపోతుంది. పెట్రోల్ బండిలో ట్యాంకు నిండినా ఖాళీ అయినా ఇంజను బ్రేకింగ్, అంటే కాలు తీయగానే ఇంజను బండిని వెనక్కి పట్టడం, ఒకటే. కాబట్టి మీ రోజు దిగుడుతో మొదలయ్యేటట్లయితే ఛార్జింగ్ 85 శాతం దగ్గర ఆపేయండి. ఈ ముక్క బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. నూట పదహారో పేజీలో.

ఇక నాకు ఒళ్ళు మండించిన సంగతి. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో ఈ తెర ఒక అంకె చూపిస్తుంది. నిన్న గట్టి నేల మీద నడిపిన లెక్క పట్టుకుని ఇవాళ ఇసుకకు జోస్యం చెబుతుంది. ఆరో రోజు బయలుదేరేటప్పుడు 71 అని చూపించింది. మెత్తటి ఇసుకలో 19 కిలోమీటర్లు పోయేసరికి 24కు పడింది. తిరిగి రావలసింది కూడా 19. మిగిలేది అయిదు. అప్పటి నుంచి నేను దారి చూడలేదు, ఇసుక చూడలేదు, ఆ అంకెనే చూశాను. ఇల్లు చేరేసరికి మూడు మిగిలింది. మెత్తటి ఇసుకలో చక్రానికి ఎదురయ్యే నిరోధం తారు రోడ్డు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది పెట్రోల్ బండికీ అంతే. తేడా ఏమిటంటే, పెట్రోల్ బండి వెనుక ఒక డబ్బా కట్టుకుని పోవచ్చు.

ఆ డబ్బా లెక్క ఒకసారి వేద్దాం. 20 లీటర్ల పెట్రోల్ బరువు సుమారు 15 కిలోలు. లీటరులో దాదాపు 9 కిలోవాట్ గంటల (కరెంటు బిల్లులో యూనిట్లంటామే, అవే) శక్తి ఉంటుంది కాబట్టి డబ్బాలో 180. ఇంజను అందులో ముప్పాతిక వంతు వేడిగా పారబోసినా చక్రాలకు 45 మిగులుతుంది. అదే 15 కిలోల బ్యాటరీ పెడితే అందులో పట్టేది రెండు, రెండున్నర కిలోవాట్ గంటలు. మోటారు నూటికి తొంభై వంతులు సద్వినియోగం చేసినా, ఆ రెండులోనే కదా చేయాలి. ఇలాంటి విద్యుత్ బండ్లకు కంపెనీలు చెప్పుకునే అంకెలు చూడండి: కాన్-ఆమ్ అవుట్‌లాండర్ ఎలక్ట్రిక్‌లో 8.9 కిలోవాట్ గంటల బ్యాటరీ, ఒకసారి నింపితే 50 కిలోమీటర్లు. పొలారిస్ రేంజర్ ఎక్స్‌పీ కైనెటిక్‌లో పెద్ద బ్యాటరీ 29.8, దాదాపు 128 కిలోమీటర్లు. అవి కూడా అనుకూలమైన నేల మీద. అంత బ్యాటరీని ఆరు కిలోవాట్ల ఛార్జరుతో నింపడానికి అయిదు గంటలు పడుతుంది. డబ్బా వంచితే అయిదు నిమిషాలు.

2024 జనవరిలో డకార్ ర్యాలీ అనే ఎడారి పందెం గెలిచిన కారు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆడి కంపెనీ వారి ఆర్‌ఎస్ క్యూ ఇ-ట్రాన్, నడిపింది కార్లోస్ సైన్జ్. చక్రాలను తిప్పింది విద్యుత్ మోటార్లే. కానీ దారిలో బ్యాటరీ నింపడానికి ఆ కారు పొట్టలో ఒక ఇంజనును మోసుకెళ్ళింది. ఎడారిలో ఆ రోజుల తరబడి దూరాలకు అంతటివారికే వేరే దారి దొరకలేదు. ఎవరైనా మీతో "పెట్రోల్ పని అయిపోయింది" అంటే ఈ కారు పేరు చెప్పండి. మరొకరు "మోటారులో పస లేదు" అన్నా ఇదే పేరు చెప్పండి.

నీళ్ళ గురించి అందరూ అడుగుతారు, త్వరగా చెప్పేస్తాను. నీళ్ళలో కరెంటు బండి ఏమిటని భయపడకండి, గాలి పీల్చే ఇంజనుకే అక్కడ గండం ఎక్కువ. సిలిండరులోకి నీరు చేరితే, నీరు నొక్కుడు పడదు కాబట్టి పిస్టనును పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మెర్సిడెస్ వారి పెద్ద జీపు లాంటి విద్యుత్ బండి జి 580 దాటగలిగే లోతు 850 మిల్లీమీటర్లు, దాని పెట్రోల్ రూపమైన జి-క్లాస్‌కు 700. ఎత్తైన కొండల మీదా అంతే. వెయ్యి మీటర్లు ఎక్కితే టర్బో లేని ఇంజను బలం దాదాపు పదో వంతు తగ్గుతుంది, మోటారుకు ఆ బాధ లేదు. ఇక గడ్డకట్టే చలిలో బ్యాటరీ బద్ధకిస్తుంది, ఛార్జింగ్ కూడా నత్తనడకే. బరువు విషయానికొస్తే ఆ జి 580 మూడు టన్నులు దాటుతుంది. రాళ్ళ మీద అడుగున ఉన్న ఆ బరువు బండిని పక్కకు ఒరగనివ్వదు. లోతు బురదలో అదే బరువు మిమ్మల్ని కిందికి లాగుతుంది.

అన్నట్టు, ఆ జి 580లో స్పీకరు ద్వారా ఇంజను శబ్దం వినిపించే ఏర్పాటు కూడా ఉంది. ఎందుకు? పదకొండుసార్లు ఆ వాలు ఎక్కింది నేను ఆ నిశ్శబ్దం కోసం! ఒక్క చోట మాత్రం శబ్దం లేకపోవడం ఇబ్బందే. కాలిబాటల మీద నడిచేవాళ్ళకు మీరు వస్తున్నట్టు తెలియదు. మలుపుల్లో హారను కొట్టండి.

తొమ్మిదో రోజు తెర మీద ఎర్ర గుర్తు వెలిగి బండి ఆగిపోయింది. కట్టేసి, కాసేపు ఆగి, మళ్ళీ వేస్తే నడిచింది. గట్టిగా చూస్తే నిమిషం కూడా కాలేదు. కానీ ఆ నిమిషంలో నాకు తెలిసొచ్చింది: నా పెట్రోల్ బండి ఆగితే మూత తీసి ప్లగ్గు చూస్తాను, గొట్టం ఊదుతాను, తీగతో ఏదో ఒకటి కడతాను. దీని మూత తీస్తే నారింజ రంగు తీగలు, ముట్టుకోవద్దని హెచ్చరిక. ఇంజను ఆయిలు మార్చే పని లేదు, దాని ఫిల్టరు లేదు, బెల్టు లేదు, నిజమే. చెడితే నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

సరే, తీర్పు. రాత్రికి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేవాళ్ళయితే, తోట పని, పొలం పని, సాయంత్రం రాళ్ళ మీద సరదా అయితే, విద్యుత్ బండి తీసుకోండి. రెండు మూడు రోజులు కరెంటు లేని చోట్లకు పోయేవాళ్ళు పెట్రోల్ బండిని అమ్మకండి. పట్టిక గీసి మార్కులు వేస్తే మొత్తం మీద పెట్రోల్ బండే గెలుస్తుంది. నేను గీశాను, గెలిచింది. ఆ కాగితం మడిచి పక్కన పెట్టాను. నాకు కావలసింది విద్యుత్ బండే. ఏడాదికి నాలుగుసార్లు దూరం పోతాను, అప్పుడు తమ్ముడి బండిలో పక్కన కూర్చుంటాను. మిగతా రోజుల్లో నాకు ఆ టైరు కీచుమనడం వినాలి.

బండి తీసుకుపోవడానికి రేపు ఉదయం కంపెనీ మనుషులు వస్తున్నారు. ఇంకా గంటన్నర వెలుతురు ఉంది, బ్యాటరీ 43 శాతం చూపిస్తోంది. వాలు దాకా పోయి రావడానికి పదకొండు కిలోమీటర్లు. కెమెరా ఇక్కడ కట్టేస్తున్నాను.