కొత్త కొండల్లో నాలుగైదు రోజుల నడక: దారి ఎంచుకునే ముందు రాత్రులు రాసుకోండి

[తెర మీద: తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ. ఆ తర్వాత విజయవాడ స్టేషన్ పసుపు బోర్డు, అడుగున ఎత్తు రాసిన వరుస.]

రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. విజయవాడ బోర్డు మీద ఆ ఎత్తు సుమారు 20 మీటర్లు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగి, రాత్రి బస్సులో మనాలి చేరేసరికి మీరు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటారు. మర్నాడే నడక మొదలుపెడితే ఆ సాయంత్రం 3,000 దాటేస్తారు. రెండు రోజుల కింద కృష్ణ ఒడ్డున ఉన్న ఒంటికి ఈ సంగతి ఇంకా తెలియదు.

కొత్త పర్వతాల్లో దారి వెతికేటప్పుడు అందరూ ముందు ఫోటో చూస్తారు. మంచు శిఖరం, నీలం సరస్సు చూసి ముచ్చటపడి, తర్వాత రోజుకు ఎన్ని కిలోమీటర్లో లెక్కేస్తారు. మేము చెప్పేది దీనికి తిరగేసిన పద్ధతి. ముందు రాత్రులు రాసుకోండి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారు, అక్కడ నీళ్ళు ఎక్కడ, అర్ధరాత్రి ఒకరికి బాగోకపోతే కిందికి దారి ఎటు? ఈ మూడింటికీ జవాబు ఉన్న దారే మీ దారి.

[తెర మీద: తెల్ల కాగితం, పెన్నుతో గీసిన పట్టిక. గడులు: బస పేరు, ఎత్తు, నిన్నటి రాత్రి కంటే ఎంత ఎక్కువ, నీళ్ళు, బయటికి దారి.]

హిమాచల్‌లో అందరూ వెళ్ళే హంప్టా పాస్ మీద ఈ పట్టిక నింపుదాం. పాస్ అంటే రెండు లోయల మధ్య దాటే కనుమ.

మనాలి 2,050 మీటర్లు. జోబ్రా దాకా బండి వెళుతుంది. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే చికా, సుమారు 3,100. తర్వాతి రాత్రి బాలు కా ఘేరా, సుమారు 3,600. మూడో రోజు 4,270 దగ్గర కనుమ దాటి అవతలి వైపు శియా గోరులో పడుకుంటారు, సుమారు 3,900. నాలుగో రోజు ఛత్రూకు దిగుతారు, 3,350 దరిదాపు.

ఎత్తు ప్రదేశాల వైద్యులు చెప్పే నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. లెక్కకొచ్చేది పడుకునే ఎత్తు. పగలు పైకెక్కి, సాయంత్రానికి దిగి పడుకోవడం ఒంటికి మంచిదే.

ఇప్పుడు పట్టిక చూడండి. చికా నుంచి బాలు కా ఘేరాకు 500, సరిగ్గా గీత మీద ఉంది. అక్కణ్ణుంచి శియా గోరుకు 300, ఫర్వాలేదు. ఇబ్బంది ఉన్నది మొదటి గెంతులో. మనాలి నుంచి చికాకు ఒక్క రోజులో వెయ్యి మీటర్లు, అదీ రాత్రంతా బస్సులో నిద్రలేకుండా వచ్చిన మనిషికి. కాబట్టి మనాలిలో రెండు రాత్రులు ఉండండి. బాలు కా ఘేరాలో ఒక రాత్రి అదనంగా పెట్టుకోండి. వాన పడితే ఆ అదనపు రోజే కాపాడుతుంది. మన ఊరి నుంచి వెళ్ళేవాళ్ళు సెలవు సరిపోలేదని ముందుగా కోసేది ఈ రెండు రాత్రుల్నే. ఆరోగ్యం చెడేది కూడా ఎక్కువగా ఇక్కడే.

4,270 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో అందేదాంట్లో సుమారు 60 శాతం. తలనొప్పితో పాటు వికారం, నిద్రలేమి, అన్నం సయించకపోవడం కనిపిస్తే ఆ రోజు పైకి వెళ్ళకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తిన్నగా గీత మీద నడవమంటే తూలినా, అది రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయల్దేరకముందే మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక "బయటికి దారి" గడి. మేము ఎక్కువ సేపు కూర్చునేది ఈ గడి దగ్గరే.

[తెర మీద: హంప్టా లోయ మ్యాపు. కనుమ దగ్గర ఎర్ర చుక్క.]

చికాలో గానీ బాలు కా ఘేరాలో గానీ ఏదైనా జరిగితే వచ్చిన దారినే వెనక్కి వస్తే చాలు, ప్రతి అడుగూ కిందికే. కనుమ దాటారా, లెక్క మారిపోయింది. శియా గోరు నుంచి వెనక్కి రావాలంటే మళ్ళీ దాదాపు 400 మీటర్లు ఎక్కాలి. ముందుకు వెళ్ళాలంటే చన్నీటి వాగు దాటాలి. అందుకే కనుమ పైన నిలబడి ఉన్న ఆ పది నిమిషాలే ఈ ప్రయాణంలో అసలు నిర్ణయం జరిగే చోటు. ఎవరికైనా తల తిరుగుతోందా, మబ్బు ముసురుతోందా, టైమ్ మధ్యాహ్నం ఒంటిగంట దాటిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా వెనక్కి తిరగాలి. ఆ గంటను ఇంట్లో కూర్చున్నప్పుడే పట్టికలో రాసి పెట్టుకోండి. పైకెళ్ళాక ఎవరికీ వెనక్కి తిరగాలనిపించదు.

అవతలి కొసన బండి సంగతి కూడా ఉంది. ఛత్రూ నుంచి ఒకప్పుడు రోహతాంగ్ కనుమ ఎక్కి దిగితే గానీ మనాలి వచ్చేది కాదు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక ఆ బాధ తగ్గింది. కానీ ఛత్రూ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు ఇప్పటికీ రాళ్ళూ వాగులే. ఆ సాయంత్రమే ఢిల్లీ బస్సు, మర్నాడు పొద్దున రైలు అని టికెట్లు తీసుకోకండి. మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టండి.

ఆ పర్వతాలకు మీరు పూర్తిగా కొత్తయితే, మొదటిసారి కనుమ దాటే దారి వద్దనే మా మాట. వెళ్ళిన దారినే తిరిగివచ్చే లోయ దారి ఎంచుకోండి. ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్ అలాంటిది. సాంక్రీ 1,950 మీటర్లు, లోయ చివర 3,566. మధ్యలో గంగాడ్, ఓస్లా లాంటి ఊళ్ళున్నాయి. ఏ రాత్రి ఇబ్బంది వచ్చినా కిందికే దారి. బెంగాల్‌లో 3,636 మీటర్ల సందక్‌ఫూకు గట్టు వెంబడే జీపు బాట ఉంది, బసకు లాడ్జీలున్నాయి కాబట్టి టెంటు మోయక్కర్లేదు. జీపు బాట ఉన్న దారి చప్పగా ఉంటుందని కొందరంటారు. కాలు బెణికిన రోజు ఆ జీపే దేవుడు.

[తెర మీద: 1:50,000 స్కేలు మ్యాపు, దగ్గరగా. స్కేలు బద్ద.]

ఇప్పుడు వాలు సంగతి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా మామూలుగా 20 మీటర్లు. ముందు మ్యాపు అంచున ఆ అంకె సరిచూసుకోండి, ఫోన్ మ్యాపుల్లో అది వేరుగా ఉండొచ్చు. మీ దారికి అడ్డంగా ఒక సెంటీమీటరులో 10 గీతలుంటే 200 మీటర్ల ఎక్కుడు, అంటే సుమారు 22 డిగ్రీల వాలు. గట్టిగా ఆయాసం వస్తుంది గానీ నడవొచ్చు. 15 గీతలుంటే 31 డిగ్రీలు, 20 ఉంటే 39. మంచు చరియలు (అవలాంచ్‌లు) ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. మంచు ఉండే నెలలో అలాంటి వాలు మీదుగా గానీ దాని కిందుగా గానీ దారి పోతుంటే ఆ దారిని కొట్టేయండి.

మ్యాపులో చుక్కల గీత కనిపించినంత మాత్రాన అది బాట అనుకోకండి. గొర్రెల కాపరులు నడిచిన జాడ కావచ్చు, కొండచరియ పడి తెగిపోయి ఉండొచ్చు. దాన్ని ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడండి. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు ఒకే చోటుని దాదాపు ఐదు రోజులకోసారి ఫోటో తీస్తాయి, ఆ బొమ్మలు ఉచితం. పది మీటర్ల కంటే చిన్నవి అందులో కనిపించవు కాబట్టి కాలిబాట తెలియదు. మంచు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. మీరు వెళ్ళబోయే వారానికి గత మూడు నాలుగేళ్ళ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే, జూన్ మూడో వారంలో ఆ కనుమ తెల్లగా ఉంటుందో మట్టిరంగులో ఉంటుందో మీకే తెలిసిపోతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే చాలు ఈ పనికి.

కాలం లెక్క విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పాడు. 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. బాలు కా ఘేరా నుంచి శియా గోరుకు 8 కిలోమీటర్లు, 670 మీటర్ల ఎక్కుడు అనుకుంటే ఈ సూత్రం రెండు గంటల ముప్పావు అంటుంది. నిజానికి బరువు మోస్తూ, ఆ గాలిలో, రాళ్ళ మీద మామూలు మనిషికి ఏడెనిమిది గంటలు పడుతుంది. కాబట్టి 3,000 లోపు సూత్రాన్ని రెట్టింపు చేయండి, ఆ పైన రెండున్నర రెట్లు, గుండ్రాళ్ళు ఉంటే మూడు రెట్లు. వచ్చిన గంటల్ని పొద్దున ఆరు నుంచి లెక్కేసి, మధ్యాహ్నం మూడులోపు బసకు చేరతామా అని చూడండి. మధ్యాహ్నం తర్వాతే ఉరుములు, వడగళ్ళు.

మీ సొంత అంకె తెలుసుకోవడానికి ఇక్కడే కొండలున్నాయి. కొండవీడు ఘాట్ రోడ్డు మీద పొద్దున్నే, వెళ్ళబోయే బూట్లతో, బ్యాగులో పది లీటర్ల నీళ్ళ సీసాలు పెట్టుకుని ఎక్కండి. గంటకు ఎన్ని మీటర్లు ఎక్కారో ఫోన్ యాప్‌లో రాసుకోండి. పైన ఆ నీళ్ళు చెట్లకు పోసేసి ఖాళీ బ్యాగుతో దిగితే మోకాళ్ళు బతుకుతాయి. పానకాల స్వామి మెట్లు కూడా మంచివే గానీ గుడి మెట్ల మీద బూట్లతో తిరగడం బాగోదు. మే నెలలో మాత్రం ఈ సాధన ఎండెక్కకముందే ముగించండి.

[తెర మీద: వాగు, పొద్దున్న సన్నగా, అదే వాగు మధ్యాహ్నం ఉరుకుతూ.]

నీళ్ళ గడిలో రెండు సంగతులు రాయాలి, తాగేవీ దాటేవీ. మంచు కరిగి వచ్చే వాగు మధ్యాహ్నానికి పొంగుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. అందుకే వాగుకు ఇవతల పడుకుని పొద్దున్నే దాటేలా బసలు పెట్టుకోవాలి. శియా గోరు బస ఉన్నది అలాగే. దాటేటప్పుడు బ్యాగు నడుం పట్టీ విప్పేయండి, పడితే వదిలించుకోగలగాలి. మొహం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, కర్ర ఆన్చి, పక్కకి అడుగులేయండి. ఉత్త కాళ్ళతో దిగకండి, ఆ చలికి పాదాలు మొద్దుబారి రాయి ఎక్కడుందో తెలియదు.

తిండి విషయంలో ఇక్కడి అలవాటు అక్కడ నడవదు. 4,000 మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, గ్యాసు అయిపోతుంది. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర పులుసు ముద్ద, వేరుశనగ ఉండలు తీసుకెళ్ళండి. కందిపొడి, నెయ్యి ఉంటే ఆకలి లేని పూట కూడా నాలుగు ముద్దలు దిగుతాయి. మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పొడి సరుకు లెక్కేయండి. గ్యాసు డబ్బాలు రైల్లోనూ విమానంలోనూ నిషేధం, మనాలిలోనో డెహ్రాడూన్‌లోనో కొనుక్కోవాలి. మొత్తం బ్యాగు మీ బరువులో ఐదో వంతు దాటితే దారి మార్చండి, లేదా గుర్రం మాట్లాడుకోండి.

అనుమతుల దగ్గర దారులు మారిపోతుంటాయి. పాత బ్లాగు చూసి వెళితే దెబ్బతింటారు. ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్ అనే ఎత్తైన పచ్చికబయళ్ళలో రాత్రి బసను 2018లో హైకోర్టు నిషేధించింది. దానివల్ల రూప్‌కుండ్ లాంటి దారుల్లో పాత బసల పట్టిక పనికిరాకుండా పోయింది. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరుస్తారు, లోపల పడుకోనివ్వరు, ఘాంఘరియాలో ఉండి వెళ్ళి రావాల్సిందే. బయల్దేరేముందు ఆ ప్రాంత అటవీ కార్యాలయానికి ఫోన్ చేసి ఫలానా బసలో ఈ నెలలో ఉండనిస్తారా అని పేరు పెట్టి అడగండి.

శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ లాంటివి అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. విదేశీ వీడియోలు చూసి తెప్పించుకోకండి. కశ్మీర్, లద్దాఖ్ వైపు మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

[తెర మీద: నింపిన పట్టిక, ఫోటోకాపీ మిషన్ లోంచి బయటికి వస్తూ.]

పట్టిక పూర్తయ్యాక మూడు కాపీలు తీయండి. ఒకటి మీ జేబులో, ప్లాస్టిక్ కవరులో. ఒకటి అక్కడ బస ఇచ్చినవాళ్ళకో బండి డ్రైవరుకో. మూడోది ఇంట్లో, ఫ్రిజ్ తలుపు మీద. ఇంటి కాపీ అడుగున మూడు వరుసలు పెద్ద అక్షరాల్లో రాయండి: ఏ తేదీ సాయంత్రానికి సిగ్నల్ ఉన్న చోటికి వస్తామో, దానికి ఒక రోజు కలిపి ఏ తేదీ పొద్దున్నకి ఫోన్ రాకపోతే కంగారు పడాలో, అప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేయాలో. ఆ నంబరు అక్కడి జిల్లా పోలీసు కంట్రోల్ రూమ్‌ది అయి ఉండాలి. గుంటూరులోనో బెజవాడలోనో కూర్చుని 112 నొక్కితే అది కలిసేది ఇక్కడికే.