క్లాసిక్ కారుకు కొత్త ఎగ్జాస్ట్: ముందు కాగితం, తర్వాత పైపు

నమస్కారం. కార్బ్యురేటర్ కాలం నాటి కారుకు ఎగ్జాస్ట్ మార్చేటప్పుడు చాలామంది ముందు సౌండ్ విని సైలెన్సర్ కొనేస్తారు, రూల్స్ సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంటారు. మనం అటు నుంచి నరుక్కొద్దాం.

ముందు రిజిస్ట్రేషన్ పత్రం తీసి, కారు మొదటిసారి రోడ్డెక్కిన తేదీ చూడండి. శబ్దం, పొగ పరిమితులు చాలాచోట్ల ఆ తేదీని బట్టే ఉంటాయి. పాత బండికి పొగ పరీక్షలో సడలింపు దొరకొచ్చు. అంతమాత్రాన సైలెన్సర్ పీకేసి తిరగొచ్చని కాదు. ఫ్యాక్టరీ నుంచే క్యాటలిటిక్ కన్వర్టర్‌తో (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బాతో) వచ్చిన కారైతే దాన్ని తీసే ఆలోచన పెట్టుకోకండి. మీ దగ్గర వాహన తనిఖీ చేసేవాళ్లను రెండే ప్రశ్నలు అడగండి: ఈ మోడల్‌కు ఎన్ని డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటారు? మార్చిన ఎగ్జాస్ట్‌ను కాగితాల్లో ఎక్కించాలా? జవాబు రాతపూర్వకంగా దొరికితే కారులోనే ఉంచుకోండి.

[దగ్గరగా: సైలెన్సర్ మీది ముద్ర]

ఈ గుండ్రటి గీత లోపల ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన అంకె కనిపిస్తున్నాయి కదా? ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది. 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. విడిగా అమ్మే సైలెన్సర్లకు ఐక్యరాజ్యసమితి 59వ నిబంధన కింద ఇచ్చే ఆమోదం ఇది. ఒక మోడల్ కోసం ఇచ్చిన ఆమోదం ఇంకో మోడల్‌కు చెల్లదు కాబట్టి, కూడా వచ్చిన కాగితంలో మీ కారు పేరుందో లేదో చూడండి. 'రేసింగ్‌కు మాత్రమే' అని రాసుంటే పక్కన పెట్టేయండి.

నిలబడ్డ కారుకు శబ్ద పరీక్షలో మైకును టెయిల్ పైప్ (వెనక బయటికి వచ్చే చివరి పైపు) నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఫోన్ యాప్‌తో ఇంట్లోనే ఇలా కొలిచి, పాత ఎగ్జాస్ట్‌కూ కొత్తదానికీ తేడా చూసుకోవచ్చు. ఆ అంకె అధికారుల ముందు పెట్టడానికి మాత్రం పనికిరాదు.

ఇక లోహం. మామూలు ఉక్కు చవక, కానీ దాన్ని లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. లీటరు పెట్రోల్‌కు దాదాపు లీటరు నీళ్లు. ఐదు నిమిషాలు నడిపి ఆపేసే కారులో ఆ నీళ్లు ఆరవు, వెనక సైలెన్సర్ అడుగున నిలిచిపోతాయి. క్లాసిక్ కార్లు ఎక్కువ తిరగవు కాబట్టి స్టెయిన్‌లెస్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు. స్టెయిన్‌లెస్‌లో 304 రకమైతే తిన్నటి పైపుకు అయస్కాంతం అంటదు, వంపుల దగ్గర కాస్త అంటొచ్చు. 409 రకానికి అంతటా అంటుతుంది, పైన కాస్త తుప్పు మరక కూడా పడుతుంది.

304తో ఒక చిక్కుంది: వేడికి ఎక్కువ సాగుతుంది. మీటరు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది, మామూలు ఉక్కైతే మూడున్నర. కారు పొడవునా లెక్కేయండి. చల్లగా ఉన్నప్పుడు టెయిల్ పైప్ బంపర్‌కు తగిలీ తగలనట్టు ఉంటే, వేడెక్కాక కొట్టుకోవడం ఖాయం.

పైపు లావుగా ఉంటే పవర్ పెరుగుతుందన్నది వట్టి మాట. లావు ఎక్కువైతే గ్యాస్ వేగం తగ్గి, కింది ఆర్పీఎంలో లాగుడు పోతుంది. ఒరిజినల్ కొలతకే కట్టుబడండి.

బిగించడానికి వద్దాం. ముందురోజు రాత్రే మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను పైపులోకి చేర్చే భాగం) నట్ల మీద పెనెట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన మరల్లోకి ఇంకే నూనె) పోయండి. మొరాయించిన నట్టును బలంగా తిప్పితే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) ఇంజిన్ హెడ్‌లోనే విరుగుతుంది, అప్పుడు డ్రిల్లింగ్ తప్పదు. నట్టును వేడి చేసి, ఒకసారి ఇటు ఒకసారి అటు కొద్దికొద్దిగా కదపండి. దగ్గర్లో పెట్రోల్ లైన్ ఉంటే మంట పెట్టకండి, నట్టును చీల్చి తీసేయండి. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు, కొత్త గ్యాస్కెట్. మధ్య నుంచి అంచులకు బిగించుకుంటూ రండి.

కారు కింద యాక్సిల్ స్టాండ్లు ఉండాల్సిందే. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకు దూరకండి.

[కారు కింద నుంచి]

ఇప్పుడు అసలు కిటుకు. ముందు నుంచి వెనక్కి పైపులన్నీ వదులుగా తగిలించండి, ఏ క్లాంపూ (జాయింట్‌ను పట్టి ఉంచే పట్టీ) బిగించొద్దు. జాయింట్ దగ్గర ఒక పైపు ఇంకోదానిలోకి 40 నుంచి 50 మిల్లీమీటర్లు దిగాలి. పైపును చేత్తో తిప్పుతూ బ్రేక్ పైపు, పెట్రోల్ లైన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలను తిప్పే పొడవాటి కడ్డీ)లకు చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్ల సందు తెచ్చుకోండి. వెనక యాక్సిల్ మీదుగా పోయే వంపును కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు మళ్లీ చూడాలి. వేలాడే యాక్సిల్‌తో సరిపోయిన సందు, గతుకులో సస్పెన్షన్ అణిగేసరికి మాయమవుతుంది. పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు చల్లగా ఉన్నప్పుడు కాస్త ముందుకు వాలి ఉంటే, వేడికి నిలువవుతాయి. ఇవన్నీ కుదిరాకే ఇంజిన్ వైపు నుంచి క్లాంపులు బిగించండి. బలవంతంగా లాగి బిగించిన పైపు రబ్బర్లను తెంపుతుంది, మానిఫోల్డ్‌ను పగలగొడుతుంది, కారు లోపల డుమ్‌డుమ్‌మని మోగుతుంది.

యూ క్లాంప్ పైపును నొక్కేస్తుంది, మళ్లీ విప్పాలంటే కోయాలి. వెడల్పు బ్యాండ్ క్లాంప్ మేలు. స్టెయిన్‌లెస్ బోల్టులకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయకపోతే పట్టేసుకుని కదలవు.

టెయిల్ పైప్ నోరు బాడీ దాటి బయటికి రావాలి. లోపలే ఆగితే, నడిచే కారు వెనక ఏర్పడే సుడిగాలి పొగను డిక్కీ సందుల్లోంచి లోపలికి లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు.

ఆరుబయట స్టార్ట్ చేయండి, మూసిన గ్యారేజీలో వద్దు. మొదట్లో వచ్చే పొగ తయారీ నూనె కాలడం వల్లే. మందపాటి తడిగుడ్డతో టెయిల్ పైప్‌ను ఒక్క క్షణం మూసి, 'స్‌స్' మని ఎక్కడ వినిపిస్తుందో వెతకండి. ఆ జాయింట్ చుట్టూ నల్లని మసి గీత కూడా పడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమని పేలితే ముందు భాగంలో గాలి పీల్చే లీక్ ఉందనుకోండి. పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ చూడండి, కొన్ని వదులై ఉంటాయి.

గ్యాస్ పోయే దారి మారింది కాబట్టి కార్బ్యురేటర్ కలిపే గాలి-పెట్రోల్ మిశ్రమం పలచబడొచ్చు, అంటే అందులో పెట్రోల్ తక్కువ కావొచ్చు. కాసేపు నడిపి ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగైతే సరే. తెల్లగా ఉంటే మిశ్రమం కాస్త చిక్కగా చేసి, అప్పుడు పొగ పరీక్షకు తీసుకెళ్లండి.