నోరు విప్పని చోట

అందరికీ నమస్కారం.

నా స్నేహితురాలి తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆమె ముందు నేను అతని పేరు ఎత్తలేదు, బాధపడుతుందని. ఒకరోజు తనే అడిగేసింది: "నువ్వు కూడా వాడి ఊసెత్తవేం? వాణ్ని తలుచుకోవడానికి సిగ్గా?" జాలి అనుకుని నేను మూసుకున్న నోరు ఆమెకు వెలివేతలా కనిపించింది.

బాధలో ఉన్న మనిషిని ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకు భయం. అలా జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. నెమ్మదిగా, సూటిగా అడిగితే ఆ మనిషి టెన్షన్ కాస్త తగ్గే అవకాశం ఉంది. ఇదేమీ దాచిపెట్టిన విషయం కాదు. అయినా చాలామందికి తెలియదు, ఎందుకంటే ఆ మాట వస్తేనే మనం లేచి వెళ్లిపోతాం.

ఎయిడ్స్ సంగతి చూడండి. మొదటి కేసుల వివరాలు 1981 జూన్‌లో అమెరికాలో బయటికొచ్చాయి. కలిసి కూర్చున్నంత మాత్రాన అది అంటుకోదని 1983కే అక్కడి ఆరోగ్య అధికారులు చెప్పారు. అయినా 1985లో ఇండియానా రాష్ట్రంలో రయాన్ వైట్ అనే పదమూడేళ్ల పిల్లవాణ్ని బడికి రానివ్వలేదు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా అనే జబ్బుకు చేసిన చికిత్స వల్ల అతనికి ఆ వైరస్ సోకింది. డాక్టర్లకు తెలిసిన విషయం మిగతా పిల్లల తల్లిదండ్రుల భయాన్ని ఎందుకు తగ్గించలేకపోయింది? కారణాలు చాలా ఉండొచ్చు. నాకు పెద్దదిగా కనిపించేది ఒకటుంది. ఎలా అంటుకోదో నమ్మకంగా చెప్పాలంటే, ఎలా అంటుకుంటుందో కూడా చెప్పాలి. అంటే సెక్స్ గురించి, స్వలింగ ప్రేమికుల గురించి, మత్తుమందు సూదుల గురించి మాట్లాడాలి. పెద్దల గొంతు అక్కడే పట్టేసింది. అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు ఈ జబ్బు గురించి మాట్లాడేసరికి 1985 సెప్టెంబరు వచ్చింది. అన్నేళ్లూ ఆ చోటు ఖాళీగా ఉండలేదు, పుకార్లు వచ్చి కూర్చున్నాయి.

మౌనంలో ఇంకో ప్రమాదం ఉంది. గదిలో పదిమందికీ ఒకే సందేహం ఉన్నా, ఎవరూ అడగకపోతే, మిగతా తొమ్మిదిమందికీ అంతా సమ్మతమేనని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఎవరికీ ఇష్టం లేని పద్ధతి కూడా అలాగే ఏళ్లతరబడి నిలబడిపోతుంది.

మాట్లాడితే మాత్రం ఏం మారుతుంది అంటారేమో. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు 2016లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని మయామీ నగరంలో కొందరు ఇంటింటికీ వెళ్లి, ట్రాన్స్‌జెండర్ల గురించి పది నిమిషాల చొప్పున మాట్లాడారు. వాదనకు దిగలేదు. మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా వేరుగా చూశారా అని అడిగి, చెప్పింది విన్నారు. అందరూ మారలేదు కానీ, మొత్తం మీద తగ్గిన వ్యతిరేకత మూడు నెలల తర్వాత కూడా తగ్గే ఉంది. నన్ను ఆకట్టుకున్నది ఆ వినడమే. మనం నోరు విప్పితే ఉపన్యాసమే ఇస్తాం, అందుకే అవతలివాళ్లు తలుపేసుకుంటారు.

ఆ రోజు నేను ఒక్కటే అడిగాను, మీ తమ్ముడు ఎలా ఉండేవాడు అని. ఆమె గంటసేపు చెప్పింది. ఈల వేస్తే ఏ పాటో ఇట్టే గుర్తుపట్టేలా వేసేవాడట. అన్నేళ్ల స్నేహంలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.