జుట్టు కత్తిరించక్కర్లేదు: ఒత్తయిన పొడవాటి జడని బెరే టోపీ కింద పట్టించే కొప్పు

(దృశ్యం: విజయవాడ, గవర్నర్‌పేటలో ఒక ఇంటి హాలు. కుర్చీలో చెల్లి, నడుము దాటిన జుట్టు విరబోసుకుని కూర్చుంది. పక్కన బల్ల మీద ఇస్త్రీ చేసిన ఎన్‌సీసీ యూనిఫామ్, బెరే, పిన్నుల డబ్బా.)

నమస్కారం. ఎన్‌సీసీలో చేరిన అమ్మాయిలు, కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్నవాళ్ళు, అగ్నివీర్‌గా వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు అందరూ నన్ను అడిగేది ఒకటే. "అక్కా, జుట్టు కత్తిరించుకోవాలా?"

చాలామందికి ఆ అవసరం లేదు. ఇంట్లో అమ్మ ఏళ్ళ తరబడి నూనె రాసి, కుంకుడుకాయ పులుసుతో రుద్ది పెంచిన జుట్టుని మొదటి పరేడ్‌కి రెండు రోజుల ముందు భయపడి కత్తిరించేసుకున్న అమ్మాయిలు ఉన్నారు. నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ వీడియో.

ముందు నియమం ఏంటో చూద్దాం. ఒక్కో దళానికి, ఒక్కో యూనిట్‌కి చిన్న చిన్న తేడాలుంటాయి. మీ యూనిట్‌లో చెప్పిందే మీకు ఆఖరి మాట. కానీ అందరూ కోరేది దాదాపు ఒకటే: జుట్టు కాలర్‌కి తగలకూడదు, మొహం మీద పడకూడదు, టోపీ సరిగ్గా కూర్చోవాలి. పిన్నులు, నెట్ నల్లగా, జుట్టు రంగులో కలిసిపోవాలి. పూలు, రంగు క్లిప్పులు ఇంట్లోనే వదిలెయ్యాలి.

ఇది అందం కోసం పెట్టిన రూల్ కాదు. వేలాడే జడ యంత్రంలో చిక్కుకోవచ్చు, ఎవరైనా పట్టుకుని లాగొచ్చు. గ్యాస్ మాస్క్ పెట్టుకునేటప్పుడు అంచులో వెంట్రుకలు ఇరుక్కుంటే గాలి లోపలికి దూరుతుంది. వరసలో నిలబడితే అందరూ ఒకేలా కనబడాలన్నది కూడా ఉంది.

(దృశ్యం: చెల్లి తలని వెనక నుంచి దగ్గరగా. బెరే పెట్టి, దాని వెనక అంచుకీ కాలర్‌కీ మధ్య జాగాని వేళ్ళతో చూపించాలి.)

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, జాగ్రత్తగా చూడండి. బెరే వెనక అంచు ఇక్కడికి వచ్చింది. కాలర్ ఇక్కడుంది. మధ్యలో మిగిలింది మూడు నాలుగు వేళ్ళ జాగా. మన కొప్పు ఇందులోనే పట్టాలి. పల్చటి జుట్టుకి ఇది సమస్యే కాదు. ఒత్తు జుట్టుని మామూలుగా మెలితిప్పి చుట్టేస్తే వెనక్కి ఉబ్బెత్తుగా వస్తుంది. పైకి జరిపితే బెరేని ముందుకి నెట్టేస్తుంది, కిందికి జరిపితే కాలర్ మీద కూర్చుంటుంది.

కాబట్టి మన కొప్పు వెనక్కి పొడుచుకు రాకుండా, అట్టు పరిచినట్టు తలకి అంటుకుని పల్చగా, వెడల్పుగా ఉండాలి. ఈ వీడియోలో మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక సామాన్లు. విజయవాడలో బీసెంట్ రోడ్డులో ఏ ఫ్యాన్సీ షాపుకెళ్ళినా దొరుకుతాయి. గుంటూరు వాళ్ళకి బ్రాడీపేటలో, అరండల్‌పేటలో దొరుకుతాయి. ఇనుప ముక్క అతుకు లేని నల్ల రబ్బరు బ్యాండ్లు, పెద్ద యూ పిన్నులు, సైడ్ పిన్నులు, సన్న అల్లిక ఉన్న నల్ల హెయిర్ నెట్‌లు రెండు. ఒకటి పరేడ్ రోజునే చిరుగుతుంది, అది మాత్రం ఖాయం. డోనట్ అమ్ముతారు చూడండి, లోపల పెట్టుకునే స్పాంజి రింగు, అది మనకొద్దు. జుట్టు తక్కువున్నవాళ్ళు కొప్పు పెద్దగా కనబడ్డానికి వాడేది అది. మనకి కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

తలస్నానం పరేడ్ ముందు రోజు రాత్రి చేయకండి. ఇంకో రోజు ముందే చేసేయండి. అప్పుడే కడిగిన జుట్టు జారుతుంది, పిన్ను నిలవదు. పైగా మన ఊళ్ళో ఉక్కపోతకి ఒత్తు జుట్టు ఆరడానికి గంటలు పడుతుంది. తడిసిన వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది. తడి మీద బిగించి కడితే తెగుతుంది. రాత్రంతా తడిగా ముడి వేసి పడుకుంటే కుదుళ్ళలో దురద, వాసన కూడా. నూనె రాసుకుంటే చివర్లకి కొంచెం చాలు. తలంతా పట్టిస్తే ఎండలో నుదుటి మీదికి కారుతుంది, బెరే లోపలి పట్టీ మరకలవుతుంది.

(దృశ్యం: పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయడం.)

ఇప్పుడు కొప్పు. చిక్కు చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి తీయండి. తర్వాత పాపిడి లేకుండా మొత్తం వెనక్కి దువ్వి, చెవి తమ్మెలకి కొంచెం పైన, తల వెనక మధ్యలో పోనీటెయిల్ కట్టండి. రబ్బరు బ్యాండ్ ఎంత గట్టిగా ఉండాలి? తల అటూ ఇటూ ఊపితే పోనీ మొదలు కదలకూడదు, కనుబొమలు మాత్రం పైకి లాక్కుపోకూడదు.

"అక్కా, ఇక్కడ లాగుతోంది."

ఎక్కడ, చెవి పైనా? చూశారా, ఇది చెప్పాల్సిన మాటే. ఓర్చుకోవద్దు. దువ్వెన తోకని ఇలా లోపలికి దూర్చి, ఆ చోట కొంచెం పైకి లేపితే వదులవుతుంది. ఇప్పుడు సరిపోయిందా? సరే.

పోనీని రెండు సమాన భాగాలు చేయండి. ఒక్కోదాన్నీ మూడు పాయల జడ అల్లండి. ఒకే జడ అల్లితే తాడంత లావు వస్తుంది, దాన్ని చుట్టితే కొండే. రెండు సన్న జడలైతే పక్కపక్కన పరుచుకుంటాయి. బాగా ఒత్తుగా ఉన్నవాళ్ళు మూడు చేసుకోండి, తప్పేం లేదు. అల్లేటప్పుడు మొదట్లో గట్టిగా, చివరికొచ్చేసరికి కొంచెం వదులుగా. చివర చిన్న రబ్బరు బ్యాండ్.

మొదటి జడని రబ్బరు బ్యాండ్ చుట్టూ ఎడమ నుంచి కుడికి చుట్టండి. జడ పైన జడ ఎక్కకూడదు, పక్కన పక్కన రావాలి. చివరని కిందికి దూర్చి పిన్ను పెట్టండి. రెండో జడని దాని బయట, కుడి నుంచి ఎడమకి చుట్టండి. రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే ఒకటి విప్పుకోబోతే రెండోది పట్టుకుంటుంది.

(దృశ్యం: యూ పిన్ను చాలా దగ్గరగా. ఈ భాగం నెమ్మదిగా, రెండుసార్లు చూపించాలి.)

పిన్ను పెట్టడంలో అందరూ తొందరపడతారు. నేరుగా గుచ్చితే పది నిమిషాల్లో బయటికొస్తుంది. పిన్ను మొనలు కొప్పుకి బయటి వైపు చూసేలా పట్టుకోండి. కొప్పు అంచులో కొంచెం జుట్టుని, తలకి అంటుకున్న జుట్టుని కొంచెం, రెండింటినీ కలిపి అందుకోండి. ఇప్పుడు పిన్నుని వెనక్కి తిప్పి, మొనలు కొప్పు మధ్యకి వెళ్ళేలా లోపలికి తోసేయండి. పిన్ను కనబడకుండా పోవాలి. పైన, కింద, ఎడమ, కుడి, నాలుగు వైపులా ఇలాగే. నొప్పి పెడితే ఆ పిన్ను తప్పు చోట ఉన్నట్టే, తీసి మళ్ళీ పెట్టండి.

చివరగా హెయిర్ నెట్. కొప్పు మీద వేసి, ఒకసారి మెలితిప్పి, మళ్ళీ వేయండి. రెండు పొరలు. అంచులు కొప్పు కిందికి దోపి సైడ్ పిన్నులు. నుదుటి దగ్గర, మెడ వెనక చిన్న వెంట్రుకలుంటాయి కదా, వాటికి కలబంద గుజ్జు ఒక్క చుక్క అరచేతిలో రుద్ది అద్దితే చాలు.

జుట్టు తుంటి కిందికి ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి కూడా ఒక్కోసారి చాలదు. వాళ్ళకి నేను చెప్పేది మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. స్కూలుకి రెండు జడలు వేసి రిబ్బన్లతో మడిచి కట్టేవాళ్ళు కదా, అలాగే చెవుల వెనక, కిందగా రెండు జడలు. ఎడమ జడని మెడ పైనుంచి కుడి వైపుకి, కుడి జడని దాని పక్కనే ఎడమ వైపుకి అడ్డంగా తీసుకెళ్ళి పిన్నులు పెట్టండి. ఇంకా మిగిలితే మళ్ళీ వెనక్కి మడవండి. బరువంతా ఒక్క చోట పడకుండా తల వెనక మొత్తం పంచుకుంటుంది. నా వరకు హెల్మెట్ కిందికి ఇదే అన్నిటికంటే మంచి పద్ధతి. కాకపోతే అన్ని యూనిట్లూ దీన్ని ఒప్పుకోవు, ముందే అడిగి వేసుకోండి.

(దృశ్యం: చెల్లి బెరే పెట్టుకుని డాబా మీద నిలబడింది.)

ఇప్పుడు అద్దంలో చూసుకుని సరిపోయిందనుకోకండి. బెరే పెట్టుకుని కదలాలి.

సావధాన్. కొప్పు కాలర్‌కి తగలట్లేదు, బాగుంది. దాహినే దేఖ్, అంటే కుడికి చూడు. తల కుడికి తిరిగింది, కొప్పు ఎడమ అంచు కాలర్‌ని రాసుకుంటోందా చూడండి. వేదిక ముందు సెల్యూట్ చేస్తూ వెళ్ళేటప్పుడు తల ఇలాగే ఉంటుంది, పక్కనుంచి చూసేవాళ్ళకి మొదట కనబడేది అదే. తర్వాత అక్కడికక్కడే దౌడ్, అంటే పరుగు, ఒక నిమిషం. ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియంలో ఆగస్టు 15 రిహార్సల్స్‌కి వెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా చేయండి. ఆగస్టు ఉక్కలో చెమటకి పిన్ను మెల్లమెల్లగా జారుతుంది.

ఫైరింగ్ ఉన్నవాళ్ళు బోర్లా పడుకుని, రైఫిల్ పట్టుకున్నట్టు తల పైకెత్తి చూడండి. తల వెనక్కి వంగగానే ఉబ్బెత్తు కొప్పు మెడకి తగిలి టోపీని ముందుకి, కళ్ళ మీదికి తోస్తుంది. అమెరికా ఆర్మీలో మహిళా సైనికులకి హెల్మెట్‌తో ఎదురైన ఇబ్బంది సరిగ్గా ఇదే. అక్కడ నియమాలు మారాయి కూడా. 2018లో అమెరికా నేవీ వెడల్పు కొప్పుల్నీ పోనీటెయిల్‌నీ ఒప్పుకుంది. 2021లో ఎయిర్‌ఫోర్స్, ఆర్మీ కూడా జడలకి, పోనీటెయిల్‌కి దారిచ్చాయి. బిగుతు కొప్పుల వల్ల తలనొప్పులు, జుట్టు రాలడం వస్తున్నాయని మహిళలు చెప్పింది విన్నారు. అది వాళ్ళ దేశం సంగతి. ఆ ఫొటోలు చూసి ఇక్కడ పరేడ్‌కి పోనీ వేసుకుని వెళ్ళకండి.

కానీ ఆ నొప్పి మాత్రం మనకీ ఒకటే. రోజూ ఒకే చోట గట్టిగా లాగి కడితే కుదుళ్ళు దెబ్బతిని జుట్టు పల్చబడుతుంది. దీన్ని డాక్టర్లు ట్రాక్షన్ అలోపీషియా అంటారు. కణతల దగ్గర, నుదుటి అంచున మొదలవుతుంది. ముందు కుదుళ్ళలో నొప్పి, చిన్న చిన్న పొక్కులు, తర్వాత పల్చబడటం. తొలి దశలో లాగడం ఆపితే జుట్టు మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే కుదురు మచ్చకట్టి ఇక రాదు. కాబట్టి క్యాంపులో ఉన్న రోజుల్లో పోనీ కట్టే చోటుని రోజూ ఒక వేలు అటూ ఇటూ మార్చండి. రాత్రి పిన్నులన్నీ తీసి, వదులు జడతో పడుకోండి. పొద్దున్నే టైమ్ ఉండదని కొప్పుతోనే పడుకునేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. టెంట్‌లో పక్క బెడ్ అమ్మాయి మీకు, మీరు ఆ అమ్మాయికి వేసుకుంటే టైమ్ సరిపోతుంది.

పోలీసు సెలక్షన్లకి వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా కానిస్టేబుల్‌కి ఎత్తు మామూలుగా 152.5 సెంటీమీటర్లు ఉండాలి. కొలిచేటప్పుడు తల వెనక భాగం పలకకి ఆనాలి, పై పట్టీ మాడు మీద ఆనాలి. వెనక లావు కొప్పు ఉంటే తల ముందుకి వంగి అర సెంటీమీటరు పోవచ్చు. నడినెత్తిన ముడి ఉంటే విప్పమంటారు, అక్కడ మీకు టెన్షన్. కొలతలకి కిందగా వదులు జడతో వెళ్ళండి. పరుగుకి ముందు కొప్పు చుట్టుకోండి. 1600 మీటర్లు పరిగెత్తేటప్పుడు వీపు మీద ఊగే జడ నిజంగా చిరాకు పెడుతుంది.

సైన్యంలో చేరాక సంగతి వేరు. 2021 మేలో బెంగళూరులో 83 మంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని మిలిటరీ పోలీస్ విభాగంలో సైనికులయ్యారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 17 మంది అమ్మాయిల మొదటి బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది. మీరూ ఆ దారిలో వెళ్తుంటే, చేరేముందు వచ్చే సూచనల కాగితంలో జుట్టు గురించి ఏం రాశారో చదవండి. కత్తిరించుకోమని ఉంటే కత్తిరించుకోండి, అందులో బాధపడాల్సింది లేదు. లేకపోతే మాత్రం ఎవరో అన్నారని కత్తెర పట్టకండి.

(దృశ్యం: చెల్లి కుర్చీలో. కొప్పు విప్పడం.)

విప్పేటప్పుడు పెట్టిన క్రమానికి తిరగేసి రండి. నెట్, బయటి జడ పిన్నులు, బయటి జడ, తర్వాత లోపలిది. పిన్నులు తీయకుండా జడని లాగితే చిక్కుపడి తెగుతుంది. రబ్బరు బ్యాండ్ రాకపోతే లాగకుండా చిన్న కత్తెరతో దాన్నే కత్తిరించేయండి. ఆ తర్వాత వేళ్ళతో కుదుళ్ళని రెండు నిమిషాలు నెమ్మదిగా రుద్దండి.

"అక్కా, నెట్ చిరిగింది."

అందుకే రెండు కొనమన్నాను.